టెక్సాస్‌లో స్కూల్ బోర్డుకి నిలబడాలనుకునే అమ్మానాన్నలకు

పిల్లల స్కూల్ బౌండరీ మార్చారనో, పక్క వీధిలో ఉన్న ఎలిమెంటరీ మూసేస్తున్నారనో, దీపావళికి సెలవు ఇవ్వలేదనో కోపం వచ్చి "ఈ బోర్డులో మనవాళ్ళు ఒక్కరైనా ఉండాలండీ" అనుకునే తెలుగు తల్లిదండ్రులు డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదే. కాకపోతే జనవరిలో కోపం వచ్చి, ఫిబ్రవరిలో ఫారం వేసి, మేలో గెలవడం చాలా కష్టం. నిలబడాలన్న ఆలోచన ఉంటే ఏడాది ముందు నుంచి, కుదిరితే రెండేళ్ళ ముందు నుంచి పని మొదలుపెట్టాలి. ఆ పని ఏమిటో, ఎక్కడ జాగ్రత్తపడాలో రాస్తున్నాను. ఇదంతా టెక్సాస్ సంగతి. వేరే రాష్ట్రంలో ఉంటే తేదీలు, ఫారాలు, డబ్బు నిబంధనలు అన్నీ మారతాయి కాబట్టి మీ రాష్ట్రం రూల్స్ చూసుకోండి.

ముందు బోర్డు చేతిలో ఏముందో తెలుసుకోండి

టెక్సాస్‌లో వెయ్యికి పైగా స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. ఎక్కువ చోట్ల బోర్డులో ఏడుగురు ట్రస్టీలుంటారు, డాలస్, హ్యూస్టన్ లాంటి పెద్ద డిస్ట్రిక్టుల్లో తొమ్మిది మంది. జీతం లేదు, చట్టం ప్రకారం ఇవ్వకూడదు కూడా. బోర్డు చేసే పెద్ద పనులు నాలుగు: సూపరింటెండెంట్‌ని నియమించి పనితీరు చూడడం, బడ్జెట్ ఆమోదించడం, స్కూల్ టాక్స్ రేటు నిర్ణయించడం, డిస్ట్రిక్ట్ పాలసీలు చేయడం. బాండ్ ఎలక్షన్ (బిల్డింగుల్లాంటి వాటికి అప్పు చేయడానికి ఓటర్ల అనుమతి అడిగే ఎన్నిక) పెట్టాలన్నా, స్కూల్ మూయాలన్నా, క్యాలెండర్ ఖరారు చేయాలన్నా బోర్డు ఓటు కావాలి. 2025లో వచ్చిన సెనేట్ బిల్ 13 తర్వాత లైబ్రరీకి కొత్త పుస్తకాలు కొనడం కూడా బోర్డు ఆమోదం దగ్గరికే వస్తోంది.

బోర్డు చేతిలో లేనివీ చాలా ఉన్నాయి. ఏ తరగతిలో ఏం నేర్పాలన్న టీక్స్ ప్రమాణాలు రాష్ట్ర విద్యా బోర్డువి. రాష్ట్రమంతా పిల్లలకి పెట్టే స్టార్ పరీక్ష రాష్ట్ర శాసనసభ, టీఈఏ (టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అంటే రాష్ట్ర విద్యా శాఖ) వ్యవహారం. 2025 నుంచి స్కూళ్ళలో ఫోన్ల మీద వచ్చిన నిషేధం కూడా రాష్ట్ర చట్టమే. ఒక టీచర్‌ని మార్చడం, మీ అబ్బాయి సెక్షన్ మార్చడం ట్రస్టీ పని కానే కాదు. అసలు ఒక్క ట్రస్టీకి ఒంటరిగా ఏ అధికారమూ లేదు, మీటింగ్‌లో కూర్చుని ఓటు వేసినప్పుడే ఆ మాటకి విలువ. "నేను గెలిస్తే స్టార్ తీసేయిస్తా" అని వాగ్దానం చేసే అభ్యర్థికి తను అడుగుతున్న పదవి ఏమిటో తెలియదని ఓటరుకి వెంటనే అర్థమైపోతుంది.

ఇంకొక మాట. డిస్ట్రిక్ట్ బాగా దెబ్బతింటే ఎన్నికైన బోర్డును టీఈఏ పక్కన పెట్టగలదు. 2023లో హ్యూస్టన్ ఐఎస్‌డీలో (ఐఎస్‌డీ అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) అదే జరిగింది, ఎన్నికైన ట్రస్టీల స్థానంలో నియమించిన మేనేజర్ల బోర్డు వచ్చింది. పదవికి విలువ లేదని దీనర్థం కాదు, బోర్డు తన పని తాను సరిగ్గా చూసుకోకపోతే ఎంత దూరం పోతుందో తెలియాలనే చెప్తున్నాను.

అర్హత విషయంలో సందేహానికి తావుండకూడదు

అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్‌కార్డు చాలదు. వయసు 18 నిండాలి, ఫెలనీ (తీవ్రమైన నేరం) కింద శిక్ష పడి ఉండకూడదు. నామినేషన్ గడువు తేదీకి ముందు టెక్సాస్‌లో వరసగా 12 నెలలు, ఆ డిస్ట్రిక్టులో 6 నెలలు నివాసం ఉండాలి. ఒక్కో చిన్న ప్రాంతం నుంచి ఒక్కో ట్రస్టీని ఎన్నుకునే సింగిల్ మెంబర్ డిస్ట్రిక్ట్ పద్ధతి ఉన్న చోట ఆ చిన్న ప్రాంతంలోనే 6 నెలలు ఉండాలి. ఆ గడువు నాటికి అక్కడి ఓటరుగా నమోదై ఉండాలి. కొత్త ఇల్లు కట్టుకుని మారే వాళ్ళు ఈ 6 నెలల లెక్క ముందే చూసుకోండి, వీధికి ఇవతల ఒక ఐఎస్‌డీ అవతల ఇంకో ఐఎస్‌డీ ఉండే ఊళ్ళు మన చుట్టూ చాలా ఉన్నాయి. పిల్లలు అదే డిస్ట్రిక్టులో చదవాలన్న షరతు లేదు, కానీ "మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు" అన్న ప్రశ్న ప్రతి గుమ్మం దగ్గరా వస్తుంది.

మన ఇళ్ళలో చాలాచోట్ల భార్యాభర్తల్లో ఒకరు అదే డిస్ట్రిక్టులో టీచర్‌గానో, ఎయిడ్‌గానో పనిచేస్తుంటారు. ట్రస్టీగా ఉంటూ అదే డిస్ట్రిక్టులో మీరు ఉద్యోగం చేయడం కుదరదు. మీ భార్యో భర్తో చేస్తుంటే బంధుప్రీతి చట్టం అడ్డొస్తుంది, ఎన్నికకి ఎంతకాలం ముందు నుంచి పనిచేస్తున్నారన్న దాన్ని బట్టి మినహాయింపు ఉంటుంది. ఫారం వేయకముందే లాయర్‌ని అడగండి. మీ కంపెనీ హెచ్‌ఆర్‌లో కూడా చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, చాలా పెద్ద కంపెనీలు బయటి పదవుల గురించి చెప్పమంటాయి. మీ కంపెనీ ఆ డిస్ట్రిక్టుకి సాఫ్ట్‌వేరో సర్వీసో అమ్ముతుంటే ఆ సంగతి మీరే ముందు బయటపెట్టాలి.

ఫారం వేయకముందు గడపాల్సిన ఏడాది

నా దృష్టిలో గెలుపు, ఓటములు సగం ఇక్కడే తేలిపోతాయి. ప్రతి నెలా బోర్డు మీటింగ్‌కి వెళ్ళండి. ఇంట్లో లైవ్‌లో చూడొచ్చు, అయినా వెళ్ళి కూర్చోండి. ఎవరు ఏ విషయం మీద పట్టుబడతారో, సూపరింటెండెంట్ ఏ ప్రశ్నకి ఇబ్బంది పడతారో, ఏ ఓటు ఐదు–రెండుగా చీలిందో అక్కడే తెలుస్తుంది. అజెండాలోని అంశం మీద మాట్లాడే అవకాశం జనానికి ఇవ్వాలని టెక్సాస్ చట్టం చెప్తోంది. ఇచ్చేది రెండు మూడు నిమిషాలే అయినా పేరు రాయించుకుని మాట్లాడండి. మన పిల్లలకి సంబంధం లేని విషయం మీద కూడా మాట్లాడండి. బస్సు రూట్లు, స్పెషల్ ఎడ్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు) టీచర్ల కొరత, ఫ్రీ లంచ్ పిల్లలు ఎక్కువున్న స్కూళ్ళకి ఏసీ రిపేర్లు, ఇవన్నీ. ట్రస్టీ కుర్చీ డిస్ట్రిక్టులో ఉన్న పిల్లలందరిదీ. ఆ సంగతి మీకు తెలుసని జనం నమ్మాలంటే పోటీ ప్రకటించాక చెప్తే ఎవరూ వినరు, అంతకుముందు ఏడాది మీరు దేని కోసం లేచి మాట్లాడారో గుర్తుపెట్టుకుంటారు.

కమిటీల్లో చేరండి. ప్రతి డిస్ట్రిక్టులో స్కూల్ హెల్త్ అడ్వైజరీ కౌన్సిల్ ఉండి తీరాలి, అందులో ఎక్కువమంది డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కాని తల్లిదండ్రులే ఉండాలి, అయినా చాలాచోట్ల మనుషులు దొరకరు. బాండ్ కమిటీలు, క్యాలెండర్ కమిటీలు, బౌండరీ కమిటీలు వేసినప్పుడల్లా పేరు ఇవ్వండి. పీటీఏలో (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) పుస్తకాల సేల్ దగ్గర నిలబడడం కూడా పనికొస్తుంది. ఎక్సెల్‌లో పద్దు రాసి పెట్టే తండ్రి కంటే ఉదయం ఏడుంపావుకి డ్రాప్‌ఆఫ్ లైన్ దగ్గర నిలబడే తల్లిని ఎక్కువమంది గుర్తుపడతారు.

ఇక బడ్జెట్. దీన్ని తప్పించుకోవద్దు. నిర్వహణ ఖర్చుకి ఎం అండ్ ఓ అని ఒక పన్ను, బాండ్ అప్పులు తీర్చడానికి ఐ అండ్ ఎస్ అని ఇంకో పన్ను ఉంటాయి. మొదటిదాంట్లో ఎక్కువ భాగం జీతాలకే పోతుంది. బాండ్ డబ్బుతో బిల్డింగులు కట్టొచ్చు, బస్సులు కొనొచ్చు, టీచర్ల జీతాలు మాత్రం ఇవ్వకూడదు. "కొత్త స్టేడియానికి డబ్బులున్నాయి, టీచర్‌కి లేవా" అని మీ గుమ్మం దగ్గరే అడుగుతారు, మీకు ఇది ఒక్క నిమిషంలో చెప్పడం రావాలి. ఒక్కో విద్యార్థికి రాష్ట్రం ఇచ్చే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, 2025లో 55 డాలర్లు పెంచి 6,215 చేశారు. మధ్యలో ధరలు ఎంత పెరిగాయో అందరికీ తెలుసు. ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి రాష్ట్రం కొంత డబ్బు వెనక్కి తీసుకుంటుంది, 1993 నుంచి నడుస్తున్న ఈ పద్ధతిని రాబిన్‌హుడ్ అంటారు. రాష్ట్రం డబ్బు లెక్కగట్టేది పేరు నమోదుని బట్టి కాదు, రోజువారీ హాజరుని బట్టి. డిసెంబర్ సెలవులకి అటూ ఇటూ వారం కలిపి ఇండియా వెళ్ళొచ్చే మన అలవాటు కూడా ఆ లెక్కలో పడుతుంది, మనవాళ్ళ ఇళ్ళలో మాట్లాడేటప్పుడు ఇది తప్పకుండా చెప్పాలి.

పిల్లల సంఖ్య తగ్గుతున్న పాత సబర్బులు ఒక పక్క ఉన్నాయి. 2024 జూన్‌లో ప్లేనో ఐఎస్‌డీ బోర్డు నాలుగు స్కూళ్ళు మూసేయడానికి ఓటు వేసింది. ఇంకో పక్క 2026–27 నుంచి ప్రైవేట్ స్కూల్ ఖర్చులకి రాష్ట్రమే డబ్బు ఇచ్చే ఎడ్యుకేషన్ సేవింగ్స్ అకౌంట్లు మొదలవుతాయి, మొదట దానికి 100 కోట్ల డాలర్లు పెట్టారు. మీ డిస్ట్రిక్ట్ పెరుగుతోందా, తగ్గుతోందా, ఐదేళ్ళలో ఏ స్కూళ్ళు సగం ఖాళీగా ఉంటాయి అన్నది డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోని డెమోగ్రాఫర్ రిపోర్టులో దొరుకుతుంది. అది చదివిన అభ్యర్థి, చదవని అభ్యర్థి ఒకే వేదిక మీద కూర్చుంటే తేడా పది నిమిషాల్లో బయటపడుతుంది.

ఫారం, పేరు, తేదీలు

ఎన్నిక మే మొదటి శనివారమో, నవంబర్‌లో మంగళవారమో, మీ డిస్ట్రిక్ట్ ఏది ఎంచుకుందో చూడండి. మే ఎన్నికకి జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు, నవంబర్ ఎన్నికకి జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు నామినేషన్లు తీసుకుంటారు. చివరి రోజు సాయంత్రం 5 గంటలకి తలుపు మూస్తారు. చివరి రోజు దాకా ఆగొద్దు, ఫారంలో తప్పుంటే సరిదిద్దుకునే టైమ్ ఉండాలి. దాని మీద నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి.

కొన్ని డిస్ట్రిక్టుల్లో సీట్లకి ప్లేస్ 1, ప్లేస్ 2 అని నంబర్లుంటాయి, మీరు ఏ ప్లేస్‌కి నిలబడుతున్నారో చెప్పాలి. ఇప్పుడున్న ట్రస్టీ మళ్ళీ పోటీ చేస్తున్నారా, ఖాళీ అవుతున్న సీటు ఏది అన్నది ముందే కనుక్కోండి. మన సంఘంలోనే ఇంకొకరు కూడా ఆలోచిస్తుంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, ఒకే ప్లేస్‌కి ఇద్దరు తెలుగువాళ్ళు నిలబడి ఓట్లు చీల్చుకోవడం కంటే ఒకరు ఈసారి, ఒకరు వచ్చేసారి వెళ్ళడం మేలు.

బ్యాలెట్ మీద పేరు గురించి కొంచెం ఆలోచించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు తారుమారైన వాళ్ళు, మూడు ముక్కల పేరున్న వాళ్ళు ఉన్నారు. జనం మిమ్మల్ని కనీసం మూడేళ్ళుగా పిలుస్తున్న నిక్‌నేమ్ ఉంటే, అది 10 అక్షరాల లోపు ఒకే మాట అయితే, దాన్ని కూడా బ్యాలెట్ మీద పెట్టుకోవచ్చు. ఆఫీసులో, సాకర్ గ్రౌండ్‌లో అందరూ శ్రీని అంటుంటే ఆ పేరు వాడండి. యార్డ్ సైన్ మీద ఒక పేరు, బ్యాలెట్ మీద ఇంకో పేరు ఉంటే ఓటరు బూత్‌లో తికమక పడతాడు.

డబ్బు దగ్గర ఒక్క పొరపాటు కూడా పనికిరాదు

ఒక్క డాలర్ తీసుకోకముందు, మీ సొంత డబ్బు ఒక్క డాలర్ ఖర్చుపెట్టకముందు, క్యాంపెయిన్ ట్రెజరర్‌ని నియమిస్తూ సీటీఏ అనే ఫారం డిస్ట్రిక్ట్ ఆఫీసులో ఇవ్వాలి. ట్రెజరర్‌గా మీరే ఉండొచ్చు, అయినా లెక్కల్లో జాగ్రత్త ఉన్న స్నేహితుణ్ణి పెట్టుకోవడం నయం. ఎన్నికకి 30 రోజుల ముందు, 8 రోజుల ముందు రిపోర్టులుంటాయి, చాలా తక్కువ డబ్బుతో నడిపే వాళ్ళకి కొంత సడలింపు ఉంది. ఇవి ఎవరైనా చూడగల పత్రాలు, అవతలి అభ్యర్థి మనుషులు చూస్తారు కూడా.

ఇప్పుడు మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది. హెచ్‌1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4 వీసాల మీద ఉన్నవాళ్ళు చందా ఇవ్వకూడదు. ఇది ఫెడరల్ చట్టం, స్థానిక ఎన్నికలకీ వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. "అన్నా, 50 డాలర్లే కదా, ఉంచు" అని ప్రేమతో ఇచ్చినా తీసుకోవద్దు, రేపు ఇబ్బంది అతనికి, అతని ఇమిగ్రేషన్‌కి. వీసా మీద ఉన్నవాళ్ళు జీతం లేకుండా వలంటీర్‌గా సాయం చేయొచ్చు, సైన్లు పాతొచ్చు, ఫోన్లు చేయొచ్చు, మీటింగ్‌కి కుర్చీలు వేయొచ్చు. చందా వెబ్‌పేజీలో "నేను అమెరికా పౌరుణ్ణి లేదా గ్రీన్‌కార్డ్ హోల్డర్‌ని" అన్న టిక్‌బాక్స్ తప్పనిసరిగా పెట్టండి.

కార్పొరేషన్ల డబ్బు అభ్యర్థి తీసుకోకూడదు, అది ఫెలనీ. కన్సల్టింగ్ కంపెనీ నడిపే మిత్రుడు కంపెనీ చెక్కు ఇస్తే తిరిగి ఇచ్చేసి సొంత చెక్కు అడగండి. కార్పొరేషన్‌గా నమోదైన రెస్టారెంట్ మీ మీట్ అండ్ గ్రీట్‌కి ఉచితంగా బిర్యానీ పంపినా అది కార్పొరేట్ చందా కిందికే వస్తుంది, బిల్లు కట్టేయండి. నగదు అయితే ఒక రిపోర్టు కాలంలో ఒకరి దగ్గర 100 డాలర్లకి మించి తీసుకోకూడదు.

గుడి, తెలుగు సంఘం, పీటీఏ లాంటి 501(సి)(3) సంస్థలు (పన్ను మినహాయింపున్న లాభాపేక్ష లేని సంస్థలు) ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. ఉగాది వేడుకల్లో స్టేజీ మీదికి పిలిచి "వీరికే ఓటు వేయండి" అనిపిస్తే మీకు వచ్చే పది ఓట్లకంటే సంస్థకి వచ్చే ముప్పు ఎక్కువ. అందరు అభ్యర్థులకీ సమానంగా అవకాశమిచ్చే సభ పెట్టమని అడగండి. డిస్ట్రిక్ట్ లోగో, స్కూల్ ఈమెయిళ్ళు కూడా వాడొద్దు.

ఓట్లు ఎక్కడున్నాయి

మే ఎన్నికల్లో ఓటు వేసేది నూటికి పది మంది కంటే తక్కువే అన్నది టెక్సాస్‌లో మామూలు సంగతి. మీ సబ్‌డివిజన్‌లో వంద తెలుగు కుటుంబాలుంటే అందులో పౌరసత్వం ఎంతమందికి, రిజిస్టర్ అయింది ఎంతమంది, మే శనివారం గృహప్రవేశం వదిలి ఓటుకి వెళ్ళేది ఎంతమంది అని లెక్క వేసుకుంటే నిజం తెలుస్తుంది. మనవాళ్ళ ఓట్లతో మాత్రమే గెలిచే సీటు దాదాపు లేదు.

కౌంటీ ఎలక్షన్ ఆఫీసులో ఓటర్ల జాబితా అడిగితే ఎవరు ఏ ఎన్నికలో ఓటు వేశారో (ఎవరికి వేశారో ఉండదు) దొరుకుతుంది. గత రెండు మూడు స్కూల్ బోర్డు ఎన్నికల్లో వేసిన వాళ్ళని విడదీయండి. అందులో పిల్లలు పెద్దవాళ్ళైపోయిన రిటైర్డ్ దంపతులు చాలామంది కనిపిస్తారు. 65 దాటిన వాళ్ళ సొంతింటి మీద స్కూల్ పన్ను సాధారణంగా అప్పటి మొత్తం కంటే పెరగదు, అయినా వాళ్ళు ప్రతి ఎన్నికకీ వస్తారు, డబ్బు జాగ్రత్తగా ఖర్చుపెడతారా అని అడుగుతారు. వాళ్ళ తలుపు తట్టండి. శనివారం ఉదయం పది దాటాక వెళ్ళండి, మీ పేరు, ఏ వీధిలో ఉంటారు, పిల్లలు ఏ స్కూల్, మీకు ముఖ్యమైన ఒక్క విషయం చెప్పి, ఆపైన వాళ్ళని మాట్లాడనివ్వండి. "ఈ డిస్ట్రిక్ట్‌లో మీకు నచ్చనిది ఏమిటి" అని అడిగితే పది నిమిషాలు మీరు నోరు విప్పక్కర్లేదు. ఎవరూ లేకపోతే కార్డు మీద పెన్నుతో రెండు ముక్కలు రాసి పెట్టండి.

మనవాళ్ళ దగ్గర పని వేరుగా ఉంటుంది, అక్కడ ఒప్పించాల్సింది తక్కువ, కదిలించాల్సింది ఎక్కువ. కొత్తగా పౌరసత్వం వచ్చిన వాళ్ళ రిజిస్ట్రేషన్ ఎన్నికకి 30 రోజుల ముందే పూర్తవ్వాలి. ఫారాలు నింపించి సేకరించాలంటే కౌంటీలో వలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం తీసుకున్నవాళ్ళే చేయాలి. గ్రీన్‌కార్డు, వీసా మీద ఉన్న ఎవరూ పొరపాటున కూడా ఓటర్ రిజిస్ట్రేషన్ మీద సంతకం పెట్టకూడదని ప్రతి గ్రూపులో చెప్పండి. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో అడిగినా వద్దనాలి. ఆ ఒక్క సంతకం దేశం నుంచి పంపించేసే దాకా తీసుకెళ్తుంది.

పౌరసత్వం తీసుకున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్న ఇళ్ళు ఉన్నాయి. ఇంగ్లిష్ చదవలేకపోతే నమ్మకమైన మనిషిని బూత్‌లోకి సాయం తెచ్చుకునే హక్కు వాళ్ళకుంది. 65 దాటితే పోస్టులో ఓటు అడగొచ్చు. ఆ బ్యాలెట్‌ని మీరు గానీ మీ వలంటీర్లు గానీ చేత్తో ముట్టుకోవద్దు. అందరికీ ఎర్లీ ఓటింగ్ తేదీలే చెప్పండి, శనివారం అని చెప్తే సగంమంది మర్చిపోతారు.

సైన్ల విషయంలో, హెచ్‌వోఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వద్దన్నా ఎన్నికకి 90 రోజుల ముందు నుంచి 10 రోజుల తర్వాత దాకా ఇంటి ముందు ఒక అభ్యర్థికి ఒక సైన్ పెట్టుకునే హక్కు ఉంది. రోడ్డు పక్క ప్రభుత్వ స్థలంలో పెట్టకూడదు, ఆ హెచ్చరిక సైన్ మీదే అచ్చు వేయించాలి. పోలింగ్ గుమ్మానికి 100 అడుగుల లోపల ప్రచారం చేయకూడదు, మీ పేరున్న టీషర్టుతో మీ ఆవిడ ఓటు వేయడానికి వెళ్ళినా ఆపుతారు.

వేదిక మీద

"మీరు ఏ పార్టీ" అని అడుగుతారు. ఈ పోటీకి సాధారణంగా పార్టీ గుర్తు ఉండదు, ఉన్న మాట సూటిగా చెప్పండి. "మీరు మీవాళ్ళ కోసమే వచ్చారా" అని కూడా అడుగుతారు, కొందరు ఇంకా కటువుగా అడుగుతారు. కోపం రావడం సహజం. అప్పుడు మీరు ఏడాదిగా కూర్చున్న కమిటీలు, మాట్లాడిన బస్సు రూట్లు, స్పెషల్ ఎడ్ గురించి అడిగిన ప్రశ్నలు చెప్పండి. దీపావళి సెలవు గురించి అడిగితే దాచొద్దు, ఆ రోజు ఎంతమంది పిల్లలు రావట్లేదో, టీచర్ ట్రైనింగ్ రోజుని ఆ తేదీకి మార్చితే బోధన రోజులు తగ్గకుండా ఎలా కుదురుతుందో చెప్పండి. తెలియని ప్రశ్నకి "తెలియదు, కనుక్కుని చెప్తాను" అని రెండు రోజుల్లో నిజంగా చెప్పండి. రాత్రి పూట సోషల్ మీడియాలో వాదనలకి దిగొద్దు. మీ పిల్లలకి కూడా ముందే చెప్పండి, స్కూల్లో ఎవరైనా ఏదైనా అంటే ఇంటికొచ్చి చెప్పమని.

గెలిస్తే ప్రమాణం, ఆపైన తప్పనిసరి శిక్షణ ఉంటాయి. ఆ రోజు నుంచి మిగతా ట్రస్టీలతో వాట్సాప్ గ్రూపు పెట్టుకుని డిస్ట్రిక్ట్ విషయాలు మాట్లాడొద్దు, ఓపెన్ మీటింగ్స్ చట్టం కింద అది నేరం కావచ్చు. ఓడితే సైన్లు తీయించండి, మిగిలిన రిపోర్టులు వేయండి, గెలిచిన వాళ్ళకి ఫోన్ చేయండి, జూన్‌లోనో ఆగస్టులోనో బడ్జెట్ ఆమోదించే మీటింగ్‌కి ఎప్పటిలాగే వెళ్ళి పేరు రాయించుకుని మాట్లాడండి.